మా సడ్డకుడు విన్నది

పోయిన వారం మా సడ్డకుడు చనిపోయాడు. జగదల్‌పూర్‌లో, తన ఇంటి ముందుగదిలో, మధ్యాహ్నం భోజనం అయ్యాక. దూరం నుంచి ఆయన్ను కలవడానికి వచ్చిన పరిశోధక విద్యార్థిని ఒకామె ఎదురు కుర్చీలో కూర్చుని తన పని గురించి చెబుతోందట. ఆయన ఎప్పటిలాగే కళ్ళు సగం మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. ఆ అమ్మాయి చెప్పుకుంటూనే పోయింది. మా మరదలు టీ తీసుకుని వచ్చి చూస్తే గానీ ఆయన లేడన్న సంగతి బయటపడలేదు.

చదివేవారు ఏమనుకున్నా సరే, ఇది విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు ఈర్ష్య వచ్చింది. వింటూ వింటూ పోవడం! ఎదుటి మనిషికి అనుమానం కూడా రానంతగా వింటూ పోవడం! అలాంటి చావు నాకు రాసిపెట్టి లేదు. నేను పోయిన క్షణాన మా గీదం బజారు మొత్తానికి తెలిసిపోతుంది. గోల ఆగిపోతుంది కదా.

ఫోను మా ఆవిడకు వచ్చింది. ఆమె విని, పెట్టేసి, చీపురు తీసుకుని వాకిలి ఊడవడం మొదలుపెట్టింది.

“ఏందే, ఎవరు?” అన్నాను.

“మరిది పోనాడు,” అంది. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చింది.

తోడల్లుడు అంటే ఎవరో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ఎర్రబోరు వైపు సడ్డకుడు అంటాం. అక్కను నేను చేసుకున్నాను, చెల్లెల్ని ఆయన చేసుకున్నాడు. అన్నదమ్ములకైతే పంచుకోవడానికి పొలమో పుట్రో ఉంటుంది. తోడల్లుళ్ళకు పంచుకోవడానికి అత్తగారి చూపు ఒక్కటే ఉంటుంది, అది రెండు ముక్కలయ్యే వస్తువు కాదు. నేను పెద్దల్లుణ్ణి. ఆయన వచ్చేదాకా ఆ ఇంట్లో కోడికూరలో మంచి ముక్క, మంచం మీద మంచి దుప్పటి, అరుగు మీద మంచి శ్రోతలు నావే. ముక్క పోయినందుకు బాధపడలేదు. శ్రోతలు పోయినందుకు ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను.

మా అత్తామామలు శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ రైలు లైన్‌తో పాటు వచ్చినవాళ్ళు. మామ పట్టాల మీద పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో పాడేవాడు. వాళ్ళుండే రైల్వే క్వార్టర్లలోనే మా సడ్డకుడు కూడా పుట్టాడు. తండ్రి అక్కడి స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అంటే ఆయన నాకు పై నుంచి ఊడిపడ్డ ప్రొఫెసరేమీ కాదు. అదే ఎర్రదుమ్ములో చెడ్డీ వేసుకుని తిరిగినవాడే. అదే నా బాధ. విశాఖపట్నంలో చదివి, ఢిల్లీలో చదివి, విదేశాల్లో చదివి, పెద్ద పెద్దవాళ్ళు లేచి నిలబడే సైకాలజీ ప్రొఫెసరయ్యాడు. నేను జగదల్‌పూర్ నుంచి కిరండూల్ దాకా నడిచే ప్రైవేటు బస్సులో కండక్టరునయ్యాను. నా చదువంతా సీట్ల కింద ప్రయాణికులు మర్చిపోయిన పుస్తకాలే. అందుకే నాకు చాలా కథల మొదలు తెలుసు, చివర తెలియదు. ప్రయాణికులు సగం చదివినవే కదా మర్చిపోతారు, పూర్తయినవి ఇంటికి పట్టుకుపోతారు. చివర్లు నేనే కట్టుకున్నాను. కథ చెప్పడం నాకు అలా అలవాటయింది. సరే, ఆ దారి వేరు, మన బండి ఇటు.

ఆయన వేసవి సెలవులకు మొదటిసారి అల్లుడి హోదాలో వచ్చినప్పుడు నేను అరుగు మీద ఒక మంచి కథ మధ్యలో ఉన్నాను. ఆయన వచ్చి, చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, అందరికంటే కింద మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. రెండో రోజుకు మా అత్త తన మోకాళ్ళ నొప్పి ఆయనకు చెబుతోంది. మూడో రోజుకు మామ, ఎన్నడూ నోరు విప్పని మామ, తన చిన్నతనంలో పోయిన తమ్ముడి గురించి చెబుతున్నాడు. ఆ తమ్ముడొకడు ఉండేవాడని మా ఆవిడకే తెలియదు. ఆదివారం వచ్చేసరికి మంచాలన్నీ ఆయన వైపు జరిగిపోయాయి. నా వైపు కుక్క మిగిలింది.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఆ మనిషి చేసిందేమీ లేదు. గడియారం తీసేశాడు, కింద కూర్చున్నాడు, ఊరుకున్నాడు. దానికి దేశదేశాల్లో గౌరవం! ఊరుకోవడానికి కూడా డిగ్రీలిస్తారని తెలిస్తే నేనూ ప్రయత్నించేవాణ్ణి. ఫెయిలయ్యేవాణ్ణనుకోండి.

ఆయన పని జ్ఞాపకం మీద. మనుషులు జరిగిపోయిన సంగతిని ఎలా గుర్తుపెట్టుకుంటారు, ఎలా మార్చుకుంటారు, ఎలా మర్చిపోతారు అన్నది. గురువులు నేర్పిన పద్ధతి ఏమిటంటే, మనిషిని ఒక్కణ్ణే గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, ప్రశ్నలు అడగడం. ఆ పద్ధతి పట్టుకుని ఆయన గీదం చుట్టుపక్కల గోండు పల్లెలకు వచ్చాడు. స్కూలు గదిలో ఒక్కొక్కరినీ రమ్మన్నాడు. ఎవరూ రారు. వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడి, “క్యా గల్తీ హువా సాబ్?” అని తన తప్పేమిటో అడుగుతాడు. ప్యాంటూ చొక్కా వేసుకున్నవాడు మనిషిని ఒంటరిగా పిలిచి ప్రశ్నలడిగితే ఇక్కడ దానికి ఒకటే అర్థం. ఏమడిగినా అవునంటారు, తొందరగా బయటపడాలి కదా.

ఆయన తలుపు తీసేశాడు. చింతపండు కాలం. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని పండు కొట్టి గింజలు తీస్తుంటే వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని తనూ గింజలు తీయడం మొదలుపెట్టాడు. చాలా చెత్తగా తీసేవాడు. “చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణి ప్రశ్న అడగకూడదు అన్నా,” అనేవాడు నాతో, “చేతులకు పనుంటే నోటికి భయం ఉండదు.” ఒక్కరిని అడగడం మానేసి అందరినీ కలిపి అడిగాడు. ఊళ్ళోకి రోడ్డు వచ్చిన ఏడాది ఏం జరిగింది అని. ఒకామె సగం చెబుతుంది, ఇంకొకామె కాదంటుంది, మూడో ఆమె నవ్వుతుంది, నాలుగో ఆమె ఊరుకుంటుంది. ఆయన ఆ నాలుగో ఆమెను చూస్తూ కూర్చునేవాడు. జ్ఞాపకం ఒక్కరి తలలో ఉండదని, ఇద్దరి మధ్యలో ఉంటుందని, ఎవరు తక్కువ మాట్లాడతారో వాళ్ళ దగ్గరే ఎక్కువ మిగిలి ఉంటుందని ఆయన సిద్ధాంతం. గుంపును అడిగితే అది శాస్త్రమెలా అవుతుందని తోటి పండితులు చాలా ఏళ్ళు వెక్కిరించారట. తర్వాత వాళ్ళ శిష్యులే ఆయన పుస్తకాలు పాఠాలుగా చెప్పుకున్నారు. ఇదే మాట నేనంటే సోది. ఆయనంటే సిద్ధాంతం.

చిన్నప్పుడే చదువుకు ఊరు వదిలిన ఆయనకు గోండి నిలవలేదు, మొదట్లో దుబాసీని నేనే. బస్సుకు సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ఒక ఊళ్ళో ముసలాయనను ఆయన అడగమన్నాడు, రోడ్డు పడ్డప్పుడు భయమేసిందా అని. నేను గోండిలో అడిగాను. ముసలాయన కాసేపు ఆకాశం చూసి “ఆఁ” అన్నాడు. నేను తెలుగులోకి మార్చి చెప్పాను. రోడ్డు రోలరు వచ్చిన పొద్దు, దాని చప్పుడుకు మేకలు తాళ్ళు తెంపుకోవడం, ముసలాయన అప్పటి పెళ్ళాం బియ్యం చాటతో సహా అడవిలోకి పరుగెత్తడం, చాట మాత్రమే తిరిగి దొరకడం. మా సడ్డకుడు అంతా విని, మెల్లగా అడిగాడు.

“అన్నా, ఆయన ఇంత చెప్పాడా?”

“చెప్పకపోతే ఏంది తమ్ముడూ, చెప్పాలనుకున్నడు. మొహం జూడలే నువ్వు?”

ఆయన చాలాసేపు నవ్వాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది, నేను అలిగేవాణ్ణి. మర్నాడు పొద్దున వచ్చి, “వదినని పంపుతావా అన్నా?” అన్నాడు.

మా ఆవిడ రైలు కట్ట పక్కన గోండు పిల్లలతో ఆడుకుంటూ పెరిగిన మనిషి. నాది టికెట్టు గోండి, ఎక్కడ దిగుతావు, చిల్లర తియ్యి, మేకను పైకెక్కించు. ఆమెది ఆటపాటల గోండి. ఆ వేసవి నుంచి ఏటేటా ఆయన వెంట ఆమే వెళ్ళేది. ఒక్క ముక్క అంటే ఒక్క ముక్కే చెప్పేది, “ఆఁ” అంటే “ఆఁ” అనే. సాయంత్రం రోడ్డు మీదికి వచ్చి కల్వర్టు మీద కూర్చుంటే, తిరుగు ట్రిప్పులో నా బస్సు ఎక్కించుకునేది.

ఒక సాయంత్రం మలుపు తిరగ్గానే ఫుట్‌బోర్డు మీద నుంచి చూశాను. కల్వర్టు మీద ఆయన కూర్చుని ఉన్నాడు, తల పక్కకు వంచి. ఆమె మాట్లాడుతోంది. మామూలుగా కాదు. చేతులు ఊపుతూ, కొంగు సర్దుకోవడం కూడా మర్చిపోయి, మొహమంతా మాటై మాట్లాడుతోంది. నా జన్మలో ఆమె అలా మాట్లాడగా నేను చూడలేదు. బస్సు ఆగింది, నేను దిగాను, ఆమె ఆపేసింది. గింజలు తీయడం అయిపోయినట్టుగా రెండు చేతులూ దులుపుకుని లేచింది.

అప్పటినుంచి నాకు తెలియాల్సింది అదొక్కటే. నా పెళ్ళాం నాకు చెప్పనిది, ఆయనకు చెప్పింది ఏమిటి?

ఆయన్ను అడిగాను. “వదినని అడుగు అన్నా,” అన్నాడు. మళ్ళీ అడిగాను, మరుసటి ఏడాది అడిగాను, తాగించి అడిగాను. తాగినా వినడమే తప్ప చెప్పడం లేదు ఆ మనిషికి. పైగా నాకు పాఠం. “మాట ఆగిందంటే అయిపోయిందని కాదు అన్నా. మనిషి లోపలికి వెళ్ళి ఇంకోటి తెస్తోంది. నువ్వు గుమ్మంలోనే నిలబడు, వెళ్ళిపోకు.” ఆమెను అడిగాను. “కల్వర్టు మీద ఏం జెప్పినవే? మా అమ్మ సంగతా? ఇంటి సంగతా? మీ చెల్లె సంగతే అయ్యుంటది,” అంటే, “అదే, అదే,” అనేది. ఏది అదేనో ఎవరికి తెలుసు. ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు, నేనూ అయ్యాను. ఆయన రిటైరై జగదల్‌పూర్ వచ్చి స్థిరపడ్డాడు. ఆమె నెలకోసారి చెల్లెల్ని చూడటానికి వెళ్ళొస్తే మొహం తేలిగ్గా ఉండేది. ఆ మొహం చూసి నాకు అన్నం సహించేది కాదు.

ఇప్పుడు ఆయన ఆ మాటను పట్టుకుని పోయాడు. ఆయన దగ్గర దాచిన వస్తువును ఆమె ఇంకెవరి దగ్గర పెడుతుంది? నా దగ్గర పెట్టదని నాకు తెలుసు. ఊడ్చిన వాకిలిని మళ్ళీ ఊడుస్తుంటే నేను చూసింది అదే.

జగదల్‌పూర్‌లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. చర్చి పక్క హాల్లో, ఎక్కడెక్కడి నుంచో శిష్యులు వచ్చారు. ఇంగ్లీషులో మాట్లాడినవాళ్ళు ఆయన్ను పొగిడారు, హిందీలో మాట్లాడినవాళ్ళు తమను పొగుడుకున్నారు. పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, “క్లుప్తంగా బాబూ,” అన్నాడు. ఆయనకు నా సంగతి ఎవరో చెప్పి ఉంటారు.

నేను వాగు కథ చెప్పాను. ఎందుకంటే ఇంట్లో ఏ విందు జరిగినా మా సడ్డకుడు, “అన్నా, ఆ వాగు కథ చెప్పు,” అనేవాడు. అన్ని కథల్లో అదొక్కటే అడిగేవాడు, ఎన్నిసార్లు విన్నా అడిగేవాడు. మా పెళ్ళయిన కొత్తలో, మా ఆవిడ పుట్టింటికి పోతూ నా బస్సే ఎక్కింది. దంతెవాడ దాటాక వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. బస్సు నిండా జనం, బుట్టల్లో కోళ్ళు, ఆకలి, తిట్లు. అప్పుడు నేను ద్వారంలో నిలబడి, వాగు వైపు తిరిగి, దఫ్తరు హిందీలో దరఖాస్తు మొదలుపెట్టాను: “సేవా మే, శ్రీమాన్ నాలా మహోదయ్! విషయ్, రాస్తా దేనే కే బారే మే.” అయ్యా వాగుగారూ, తమరు దారి ఇప్పించవలెనని ప్రార్థన. బస్సులో ఉన్న పట్వారీ, అదే కరణం, లేచి గాలిలో ముద్ర కొట్టాడు. కోళ్ళు కూడా నవ్వాయి. ఎప్పుడూ నవ్వని మా ఆవిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దరఖాస్తు మంజూరై వాగు తగ్గింది.

హాలంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వాడు. ఒక్క సంగతి మాత్రం నేను అక్కడ చెప్పలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా సడ్డకుడు నన్ను చూసేవాడు కాదు. మా ఆవిడను చూసేవాడు.

నగర్‌నార్ ఉక్కు ప్లాంటులో పనిచేసే మా అబ్బాయి డ్యూటీ ఉందని అటే వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఇంటికి ప్యాసింజరు రైలు ఎక్కాం. కిటికీ పక్కన ఆమె, ఎదురుగా నేను. నాకొక ఆలోచన వచ్చింది. అది మంచి ఆలోచనని చెప్పను, కుళ్ళులోంచి వచ్చిందే. మా సడ్డకుడి సీటు ఇప్పుడు ఖాళీ అయింది కదా, నేనెందుకు కూర్చోకూడదు? పెద్ద విద్యేం కాదు. గడియారం విప్పి జేబులో వేసుకున్నాను. తొక్క తీయని పల్లీలు ఒక పొట్లం కొని ఆమె ఒళ్ళో పెట్టాను. నోరు మూసుకున్నాను.

ఎంత కష్టమో మీకు తెలియదు. టికెట్టు కలెక్టరు తప్పుగా మాట్లాడాడు, దిద్దలేదు. ఎదుటి సీటాయన వర్షాల గురించి మొదలుపెట్టాడు, అందుకోలేదు. రెండు స్టేషన్లు పోయాయి.

“ఒంట్లో బాగోలేదేటి?” అంది మా ఆవిడ.

తల అడ్డంగా ఊపాను. ఆమె పల్లీలు ఒలవడం మొదలుపెట్టింది. ఇంకొక స్టేషను పోయింది.

“ఆ వాగు పొంగిన యేల నాను అమ్మని సూడ్డానికి ఎల్లనేదు,” అంది, పల్లీల వైపే చూస్తూ. “ఎల్పోదామనే బస్సెక్కినాను. మల్లీ రాకూడదనే. పెట్టిలో పెళ్ళి సీర కూడా ఎట్టీసుకున్నాను.”

నాలుక చివరిదాకా మాట వచ్చింది. పళ్ళతో పట్టుకున్నాను.

“మీరు మంచోరే. తిట్టరు, కొట్టరు. నానొక మాటంతే దాన్నట్టుకుని పది మాటలు మీరు సెప్పీసీవోరు. నా మాట ఏటైపోనాదో నాకే తెలిసీది కాదు. ఇంక ఈ ఇంట్లో నానెందుకూ అనుకున్నాను.” తొక్కలు కిటికీలోంచి పారేసింది. “మరి బస్సాగిపోనాది. మీరు వాకిట్లో నిలబడి ఆ దరకాస్తు మొదలెట్టినారు. నాకు నవ్వొచ్చీసినాది. కోపంగా ఎల్పోతన్న మనిసికి నవ్వొత్తే ఎంత సిరాకో తెలుసా మీకు? కొంగు నోట్లో కుక్కీసుకున్నాను. ఐనా ఆగనేదు.”

ఆ నవ్వు గురించి నేను ఎన్ని ఊళ్ళలో, ఎంతమంది ముందు గొప్పలు చెప్పుకున్నానో!

“మర్నాడు ఎల్దామనుకున్నాను. ఆ సాయంత్రమే మీరు పక్కింటోల్లకి అదే కత మొదలెట్టినారు. అన్నీ తప్పులే. ఆయన పట్వారీ ఏటి, పసువుల కంపౌండరు! వాగు తగ్గనే నేదు, డైవరు బస్సు ఎనక్కి తిప్పీసినాడు. సర్లే, తప్పులు దిద్దీసి అప్పుడెల్దాం అనుకున్నాను.” ఒక పల్లీ ఒలిచి, గింజలు నా చేతిలో పెట్టింది. “సందు దొరకనేదు.”

గింజలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

“మరిదికి సెప్పినాను, కల్వట్టు మీద. ఆయన నవ్వనేదు. అన్నకి సెప్పొదినా అన్నాడు. ఆయనే అడిగి ఆయనే జవాబు సెప్పీసుకుంటారు, నానెలా సెప్పేది అన్నాను. అందుకే ఎప్పుడూ మీసేత ఆ కత సెప్పించీవోడు. ఓపాలి కాకపోతే ఓపాలి మీ నోరు అలిసిపోతాది, నా వంక తిరుగుతారని.”

అన్నేళ్ళు నా కథ బాగుందని అడిగేవాడనుకున్నాను! ఆయన నాకు దారి చూపిస్తున్నాడు, నేను చప్పట్లు లెక్కపెట్టుకుంటున్నాను. నా పెళ్ళాం నన్ను వదిలి వెళ్ళబోయిన సంగతి, వెళ్ళకుండా ఆగిన సంగతి, రెండూ నాకంటే ముందు విన్నాడు. విని, దాచి, నాకు దక్కాలని కాచుకుని కూర్చున్నాడు. ఆ ఓపిక నాకు ఏడు జన్మలెత్తినా రాదు. అందుకు ఆయనకు దండం పెట్టాలి. పెడుతున్నాను. పెడుతూనే కుళ్ళుకుంటున్నాను.

బండి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. ఎదురు లైన్లో ఖనిజం నింపుకున్న గూడ్సు వచ్చింది, కిరండూల్ నుంచి కిందికి పోయేది. నేల అదిరింది, కిటికీలన్నీ గలగలలాడాయి. ఆమె గొంతు అందులో మునిగిపోయింది. ఆమె మాత్రం ఆపలేదు. చేతులు ఊపుతూ, కొంగు జారినా చూసుకోకుండా చెబుతూనే ఉంది. మా సడ్డకుడైతే ఆ చప్పుడులో కూడా వినేవాడు. కాస్త ఆగు అనడానికి నాకు నోరు రాలేదు. సీటు అంచుకు జరిగి, ముందుకు వంగి, చెవి ఆమె నోటి దగ్గరగా పెట్టాను. ఒక్కొక్క పెట్టె దాటినప్పుడల్లా ఎండా నీడా ఆమె మొహం మీద మారుతున్నాయి. చెంపకు ఆమె ఊపిరి తగులుతోంది. గూడ్సు తోక ఇంకా కనుచూపు మేరలో లేదు.